ప్యాట్ సమ్మిట్: వ్యాన్ నడిపిన కోచ్, 1,098 గెలుపులు (పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి)

నాక్స్‌విల్_నాయుడు

మొన్న ఇక్కడే వేరే చర్చలో ఒకాయన "అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ ఎవడు చూశాడండీ, కెయిట్లిన్ క్లార్క్ (అయోవా కాలేజీ స్టార్) వచ్చాకే కదా" అని తేల్చేశారు. అక్కడే జవాబు రాస్తే ఆ చర్చ పక్కదారి పడుతుందని విడిగా పెడుతున్నా. 2024 అమ్మాయిల ఫైనల్‌ని టీవీలో సుమారు కోటీ 89 లక్షల మంది చూశారు, అదే ఏడాది మగవాళ్ల ఫైనల్ కోటీ 48 లక్షల దగ్గర ఆగిపోయింది. కాదనను. కానీ 1987 డిసెంబర్‌లోనే మా నాక్స్‌విల్‌లో టెనసీ, టెక్సస్ అమ్మాయిల మ్యాచ్‌కి 24,563 మంది వచ్చి కూర్చున్నారు. క్లార్క్ అప్పటికి పుట్టనే లేదు. ఆ జనాన్ని స్టేడియానికి రప్పించిన మనిషి గురించే ఇదంతా.

ప్యాట్ సమ్మిట్, టెనసీ యూనివర్సిటీ అమ్మాయిల టీము కోచ్. 1952లో అమెరికా టెనసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో పుట్టింది. పాడి పశువులు, పొగాకు చేలు, ముగ్గురు అన్నలు, ఒక చెల్లి. పని అయ్యాక గడ్డి అటక మీద బుట్ట బిగించుకుని అన్నలతో ఆడేది. హైస్కూలుకొచ్చేసరికి క్లార్క్స్‌విల్‌లో అమ్మాయిలకి టీమే లేదు. తండ్రి ఏం చేశాడంటే, పక్క కౌంటీ స్కూల్లో అమ్మాయిల టీము ఉందని కాపురమే అక్కడికి మార్చేశాడు. నోరు తెరిచి కూతుర్ని మెచ్చుకునే మనిషి కాడట. ఇల్లు మాత్రం మార్చాడు.

1974లో ఆమెకి 22 ఏళ్లు. టెనసీ యూనివర్సిటీకి వచ్చింది పీజీ చేస్తూ అసిస్టెంటుగా ఉందామని. అప్పటి కోచ్ సెలవు పెట్టి వెళ్లడంతో టీము మొత్తం ఈ పిల్ల చేతిలో పెట్టారు. జీతం నెలకి 250 డాలర్లు. ప్లేయర్లలో కొందరు ఆమెకన్నా ఏడాదే చిన్న. వ్యాన్ తనే నడిపేది, యూనిఫాంలు తనే ఉతికేది. ఆ యూనిఫాంలు కూడా డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవి. బయటి ఊరికి మ్యాచ్‌కి వెళ్తే అవతలి కాలేజీ జిమ్‌లో నేల మీదే పడుకున్న రాత్రి కూడా ఉంది. మొదటి మ్యాచ్ మెర్సర్ మీద 84–83తో ఓడిపోయింది.

ఇంకో సంగతి. కాలేజీ చివరి ఏడాదిలో ఆమె మోకాలి లిగమెంటు తెగింది. అంటే ఇక్కడ కోచింగ్, పీజీ చదువు, మోకాలి వ్యాయామాలు, అన్నీ ఒకేసారి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్‌ని మొదటిసారి పెట్టినప్పుడు అమెరికా టీములో ఆడి వెండి పతకం తెచ్చుకుంది. 1984 లాస్ ఏంజెలెస్‌లో అదే దేశానికి కోచ్‌గా బంగారం.

మొదటి జాతీయ కప్పు మాత్రం 1987లో. 13వ సీజన్ అది. ఆ తర్వాత 1989, 91, 96, 97, 98, 2007, 2008. మొత్తం ఎనిమిది.

మిగతాది అడిగితే రాస్తా.

ఓరుగల్లు_పోరడు

అన్నా, మంచిగ రాసినవ్. గని 13 ఏండ్లు కప్పు కొట్టకపోతే కాలేజోళ్లు ఎట్ల ఊకున్నరు? ఇయ్యాల రేపు మూడేండ్లు గెల్వకపోతే సామాను బయటేస్తరు కదా.

నాక్స్‌విల్_నాయుడు

పట్టించుకునేవాడుంటే కదా తమ్ముడూ తీసేసేది! మొదట్లో అది ఉద్యోగంలా కూడా ఎవరూ చూడలేదు. తర్వాత చూసేనాటికి ఆమె ఊరికే ఓడిపోవడం లేదు. 1980లో ఫైనల్, 81లో ఫైనల్, 84లో ఫైనల్. ముందు ఓల్డ్ డొమినియన్ చేతిలో, తర్వాత లూసియానా టెక్, తర్వాత సదరన్ కాలిఫోర్నియా. "ఆమె పెద్ద మ్యాచ్ గెలవలేదు" అన్న మాట పుట్టింది అప్పుడే. 1987లో అదే లూసియానా టెక్‌ని 67–44తో చితక్కొట్టాక ఆ మాట ఆగింది.

లెక్కల_మాస్టారు

నాయుడు గారు తేదీలు సరిగ్గానే ఇచ్చారు. ఒక ముక్క కలుపుతా, లేకపోతే 1980, 81 ఫైనల్స్ లెక్క అర్థం కాదు.

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ చదువుల సంస్థలోనూ ఆడామగా తేడా చూపకూడదన్నది దాని సారం. కానీ అప్పట్లో కాలేజీ అమ్మాయిల ఆటల్ని నడిపింది ఇప్పుడు కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ కాదు, ఏఐఏడబ్ల్యూ అని వేరే సంఘం. 1980, 81 ఫైనల్స్ దానివే. దాన్ని నడిపినవాళ్లు ఎక్కువమంది వ్యాయామ విద్య చెప్పే ఆడవాళ్లే. మగవాళ్ల ఆటల్లో డబ్బు చేసిన పాడు చూసి, మనకి ఆ జబ్బు వద్దని మొదట్లో స్కాలర్‌షిప్పులనే ఒప్పుకోలేదు. 1973లో కోర్టు గొడవ వల్ల ఆ నియమం మార్చుకోవాల్సి వచ్చింది. మొదటి మూడు జాతీయ కప్పులు, అంటే 1972 నుంచి 74 దాకా, గెలిచింది పెన్సిల్వేనియాలోని ఇమాక్యులేటా అనే చిన్న క్యాథలిక్ కాలేజీ! ఇవాళ ఆ పేరు ఎంతమందికి తెలుసు?

1982లో ఎన్‌సీఏఏ తన సొంత అమ్మాయిల టోర్నీ మొదలెట్టింది. అంతే, ఆ సంఘం మూతబడింది. డబ్బు వచ్చింది, టీవీ వచ్చింది. దాంతోపాటు మగ కోచ్‌లూ వచ్చారు. 1972లో అమ్మాయిల టీములకి నూటికి 90 మందికి పైగా ఆడ కోచ్‌లే. 2014 నాటికి అది 43 శాతం. జీతం పెరిగిన కుర్చీలో మగవాడు కూర్చోవడం మన ఆఫీసుల్లో చూడనిదా!

డ్రిబుల్_దుర్గ

మాస్టారూ, ఆ చివరి లైన్ చాలా నిజం.

నేను వైజాగ్‌లో ఇంటర్ యూనివర్సిటీ దాకా ఆడాను (పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపించే ప్లేయర్; మోకాలు సహకరించక ఆపేశా). ఒక డౌటు. పాత ఫొటోల్లో టెనసీ స్కూలు అమ్మాయిలు ఆరుగురు ఆడుతున్నట్టు ఉంటుంది. అదేంటి?

నాక్స్‌విల్_నాయుడు

అమ్మా దుర్గా, మంచి ప్రశ్న. ఆమె కెరీర్‌లో అందరూ దాటేసే భాగం ఇదే.

అప్పట్లో టెనసీ హైస్కూళ్లలో అమ్మాయిలకి ఆరుగురి ఆట. ముగ్గురు కోర్టులో ఒక సగంలో దాడి చేస్తారు, ముగ్గురు రెండో సగంలో అడ్డుకుంటారు. మధ్య గీత దాటకూడదు. అంటే అడ్డుకునే వైపు గార్డుగా ఉన్న పిల్ల స్కూలు చదువంతా ఒక్క బుట్ట కూడా వేయకుండా ముగించేయొచ్చు! అమ్మాయిలు కోర్టంతా పరిగెత్తితే ఒంటికి మంచిది కాదన్న పాత నమ్మకం దీని వెనక ఉంది.

కాలేజీలో మాత్రం అయిదుగురి ఆట. సొంత రాష్ట్రం పిల్లల్ని తీసుకుంటే సగం కోర్టు ఆట తప్ప ఏమీ రాదు. సమ్మిట్ గట్టిగా వాదించింది, ఇలాగే ఉంటే టెనసీ పిల్లల్ని తీసుకోవడం నావల్ల కాదని బాహాటంగా చెప్పింది. ఒక స్కూలు అమ్మాయి కోర్టుకి కూడా వెళ్లింది. చివరికి 1979–80 నుంచి రాష్ట్రం అయిదుగురి ఆటకి మారింది. నన్నడిగితే ఎనిమిది కప్పుల్లో కొన్నింటికన్నా ఇదే పెద్ద పని, ఎందుకంటే దీనివల్ల లాభపడ్డవాళ్లలో ఎక్కువమంది ఆమె టీములో ఎప్పుడూ ఆడలేదు.

డ్రిబుల్_దుర్గ

వామ్మో. మూడేళ్లు స్కూల్లో ఆడి షాట్ వేయకుండా ఎలా ఉన్నారండీ.

లెక్కల_మాస్టారు

అయోవాలో ఆ ఆట 1993 దాకా, ఓక్లహోమాలో 1995 దాకా నడిచింది. తమాషా ఏంటంటే, అయోవాలో ఆ ఆరుగురి ఆటకే జనం విరగబడి వచ్చేవారు. క్లార్క్‌ని చూడ్డానికి టికెట్లు కొన్న అయోవా అమ్మమ్మల్లో చాలామంది ఆ ఆట ఆడినవాళ్లే.

బే_ఏరియా_బావ

నాయుడు గారూ, అంతా బాగుంది కానీ 1,098 అని టైటిల్లో పెట్టి ఊరుకుంటే ఎలా? ఆ రికార్డు 2020 డిసెంబర్‌లో మా స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డెర్‌వీర్ దాటేసింది. 2024 జనవరిలో డ్యూక్ మగవాళ్ల కోచ్ షషెఫ్‌స్కీ 1,202 కూడా దాటి, 1,216 దగ్గర రిటైరైంది. ఆమె కథ కూడా తక్కువేం కాదు. ఇండియానా యూనివర్సిటీలో చదివేటప్పుడు అక్కడి మగవాళ్ల కోచ్ బాబ్ నైట్ ప్రాక్టీసులకి వెళ్లి కూర్చుని నోట్సు రాసుకునేది. 1978లో ఐడహోలో మొదలై, ఒహాయో స్టేట్ మీదుగా 1985లో స్టాన్‌ఫర్డ్‌కి. మొదటి సీజన్ 13 గెలుపులు, 15 ఓటములు. అయిదో ఏడు కప్పు.

ఆ కప్పు ఎక్కడ ఎత్తామో గుర్తుందా అండీ? 1990 ఫైనల్స్ నాక్స్‌విల్‌లోనే. మీ సొంత కోర్టు. మీవాళ్లేమో అంతకుముందే వర్జీనియా చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడి ఇంట్లో కూర్చున్నారు. మా స్టార్ జెన్నిఫర్ అజ్జీదేమో మీ పక్కూరు ఓక్ రిడ్జ్ 😄

నాక్స్‌విల్_నాయుడు

బావా, పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. అజ్జీ చేజారిన సంగతి ఇక్కడ ముసలాళ్లు ఇప్పటికీ చెప్పుకుని బాధపడతారు.

కానీ మొత్తం గెలుపుల లెక్క తీసుకురాకు. సమ్మిట్‌ది 38 సీజన్లు, 59 ఏళ్లకి జబ్బు ఆపింది.

లెక్కల_మాస్టారు

పంచాయితీ నేను తీరుస్తా. సమ్మిట్ 1,098 గెలుపులు, 208 ఓటములు: 84 శాతం. సీజన్‌కి దాదాపు 29. వాన్‌డెర్‌వీర్ 1,216, 271: 81.8 శాతం, 45 సీజన్లు, సీజన్‌కి 27. ఇద్దర్నీ దాటి కనెటికట్ యూనివర్సిటీ కోచ్ జీనో ఆరియెమా 2024 నవంబర్‌లో మొత్తం గెలుపుల్లో మొదటి స్థానం తీసుకున్నాడు, 2025లో 12వ కప్పు కొట్టాడు. శాతం కూడా ఆయనదే ఎక్కువ. ఒట్టి అంకెలే ముఖ్యమైతే ఈ చర్చ పేరే మార్చుకోవాలి.

అంకెలు చెప్పనిది ఒకటుంది. జీనో 1985లో వచ్చేసరికి గెలవాల్సిన టీము ఒకటి తయారై ఉంది: టెనసీ.

బే_ఏరియా_బావ

ఒప్పుకున్నా. అయినా 1996 ఒలింపిక్స్ కోసం టారా స్టాన్‌ఫర్డ్ ఒక ఏడాది వదిలేసి జాతీయ టీముతో తిరిగి, సన్నాహక మ్యాచ్‌లు 52, ఒలింపిక్స్‌లో 8, మొత్తం 60కి 60 గెలిచిందని మాత్రం రాసుకోండి.

ఓరుగల్లు_పోరడు

గా జీనోకి సమ్మిట్‌కి లొల్లి అంటరు గదా, అదేంది?

నాక్స్‌విల్_నాయుడు

1995 జనవరిలో మొదలైంది తమ్ముడూ. ఆ ఏడాది ఫైనల్లో కూడా కనెటికట్ 70–64తో మమ్మల్ని ఓడించి 35–0తో ముగించింది. అక్కణ్ణుంచి పన్నెండేళ్లు దేశమంతా చూసే మ్యాచ్ అది. జీనోకి నోరెక్కువ, ఈమెకి మాట తక్కువ. మొత్తమ్మీద 13–9తో ఆయనదే పైచేయి, దాచిపెట్టేదేం లేదు. 2007లో సమ్మిట్ ఇక ఆ సిరీస్ ఆడనని ఆపేసింది. మాయా మూర్ అనే స్టార్ ప్లేయర్‌ని కనెటికట్ చేర్చుకున్న తీరు మీద టెనసీ ఫిర్యాదు కూడా చేసింది. నాకు వ్యక్తిగతంగా ఆపడం నచ్చలేదు, ఆటకి అది నష్టం.

2011లో ఈమెకి జబ్బని తెలిశాక పెట్టిన ఫౌండేషన్‌కి మొదట్లోనే 10,000 డాలర్లు ఇచ్చినవాళ్లలో జీనో ఒకడు.

పీఈటీ_మేడం

అందరికీ నమస్కారం. నేను గోదావరి జిల్లాలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువ టెనికాయిట్, బాల్ బ్యాడ్మింటన్, కబడ్డీ. బాస్కెట్‌బాల్ టీము ఉండేది కానీ కోర్టు సిమెంటుది, ఒక బోర్డుకి రింగు ఉండేది కాదు.

ఆ వ్యాన్, ఆ ఉతకడం చదివి నవ్వొచ్చింది. మాకు వ్యాన్ కూడా లేదు, ఆర్టీసీ బస్సులో నెట్లు, బంతులు నా ఒళ్లో. యూనివర్సిటీ మీట్‌కి పిల్లల్ని పంపమని ప్రతి ఇంటికీ వెళ్లి తండ్రుల్ని ఒప్పించడం, టీఏ డీఏ బిల్లుల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్, అడ్మిషన్లప్పుడు కౌంటర్, ఆగస్టు 15న మార్చ్ పాస్ట్. కోచింగ్ ఎప్పుడంటారా? మిగిలిన టైములో.

నాయుడు బాబూ, నాకు తెలుసుకోవాలని ఉంది: ఆవిడ పిల్లలతో ఎలా ఉండేది? కఠినం అని విన్నాను.

నాక్స్‌విల్_నాయుడు

నమస్తే మేడం. కఠినమే, దాన్ని తీపి చేసి చెప్పను. ఆ చూపు ఒకటుంది. నీలం కళ్లు, రెప్ప వేయకుండా. టైమ్ఔట్‌లో ఆ చూపు పడ్డ ప్లేయర్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా దాని గురించే మాట్లాడతారు. రూలు దాటి అర్ధరాత్రి దాకా పార్టీ చేసుకొచ్చారని కోర్టు నాలుగు మూలలా చెత్త డబ్బాలు పెట్టించి, వాంతులయ్యేదాకా పరిగెత్తించిందని చెప్తారు. ఒకసారి ఓడి తిరిగొచ్చిన రాత్రి, చెమట ఆరని అవే యూనిఫాంలు వేయించి మళ్లీ కోర్టుకి దింపింది.

ఇక రెండో వైపు. క్లాసులో ఎప్పుడూ మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. చెప్పకుండా క్లాసు ఎగ్గొడితే ఆట లేదు. ఆమె దగ్గర నాలుగేళ్లూ పూర్తిగా ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తీసుకుంది. 38 ఏళ్లలో ప్రతి ఒక్కరూ! మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ వాళ్లని ఈ లెక్క అడిగి చూడండి.

తమీకా క్యాచింగ్స్ అని ఒకమ్మాయి. పుట్టుకతోనే వినికిడి లోపం. చిన్నప్పుడు తోటి పిల్లలు వెక్కిరిస్తే వినికిడి యంత్రాన్ని విసిరి పారేసింది. పెదాల కదలిక చూసి నెట్టుకొస్తూ కాలేజీ దాకా వచ్చింది. టెనసీలో సమ్మిట్, ట్రైనర్ కూర్చోబెట్టి మాట్లాడి మళ్లీ పెట్టుకునేలా చేశారు. ఆ పిల్ల తర్వాత నాలుగు ఒలింపిక్ బంగారాలు గెలిచింది.

డ్రిబుల్_దుర్గ

నాకు ఆ చెత్త డబ్బాల కథ నచ్చలేదండీ. ఇలాంటివి మనం "క్రమశిక్షణ" అని మురిసిపోతాం. నాకున్న ఒక కోచ్ జ్వరంలో కూడా పరిగెత్తించాడు. ఆయన ఏ కప్పూ గెలవలేదు కాబట్టి ఎవరూ ఆయన గురించి పోస్టు రాయరు. గెలిచినవాళ్ల కఠినత్వమే కథ అవుతుంది, మిగతావాళ్లది ఒట్టి హింస. సమ్మిట్ ఇవాళ ఆ పని చేస్తే ఫోన్లో వీడియో తీసి పెట్టేవాళ్లు, ఉద్యోగం పోయేది. పోవాలి కూడా.

పీఈటీ_మేడం

దుర్గమ్మా, నీ మాటలో నిజముంది. వాంతులయ్యేలా పరిగెత్తించడం నేనూ ఒప్పుకోను. కానీ ఒకటి గమనించు. ఆడపిల్లలు అనగానే "పోనీలే పాపం" అని వదిలేసే మాస్టర్లని నేను చాలామందిని చూశాను. ఆ జాలి వల్ల మా పిల్లలు పోగొట్టుకున్నది తక్కువ కాదు. మగపిల్లలకి చెప్పినంత గట్టిగా మీకూ చెప్తాను అన్న మనిషి 1974లో దొరకడం అరుదు.

ఓరుగల్లు_పోరడు

నేను దుర్గక్క దిక్కే. గట్టిగ చెప్పుడు వేరు, సావగొట్టుడు వేరు.

నాక్స్‌విల్_నాయుడు

దుర్గ చెప్పిన దాంట్లో నేను కాదనేది ఒక్కటే. ఆమె మారింది. 1980ల సమ్మిట్ వేరు, 1997 నాటి సమ్మిట్ వేరు. 1996–97లో సీజన్ మొదటి సగంలోనే చాలా ఓడిపోయారు. పాత పద్ధతైతే రోజూ శిక్షే. ఆ ఏడాది మాత్రం అరవడం తగ్గించి, ఆ చిన్న టీముకి ఏది చేతనవునో అదే నేర్పింది. మొత్తం పది ఓటములతో కప్పు గెలిచారు. పక్క సంవత్సరం షమీక్ హోల్డ్‌స్క్లా, క్యాచింగ్స్, సెమీకా రాండల్‌తో 39–0. నాకు 39–0 కన్నా ఆ పది ఓటముల కప్పే ఇష్టం.

డాలస్_అమ్మ

చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పురిటి నొప్పులతో విమానంలో తిరిగింది ఈవిడేనా? ఎక్కడో చదివాను.

నాక్స్‌విల్_నాయుడు

ఈవిడే. 1990 సెప్టెంబర్. నెలలు నిండి ఉండగా పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని టీములోకి అడగడానికి వాళ్లింటికి వెళ్లింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. దారిలో వర్జీనియాలో దించుతామని పైలట్ అంటే ఒప్పుకోలేదు, బిడ్డ టెనసీలోనే పుట్టాలని పట్టు. ఆ ఏడాది వసంతంలో వర్జీనియా చేతిలోనే కదా ఓడింది! నాక్స్‌విల్ చేరాకే కొడుకు పుట్టాడు.

ఇంత చేస్తే మార్సినియాక్ ముందు నోటర్ డామ్ యూనివర్సిటీకి వెళ్లింది! తర్వాత మనసు మార్చుకుని టెనసీకి వచ్చి 1996 కప్పులో ఉంది.

2008లో ఇంటి డెక్ మీద కుక్క జోలికొచ్చిన రకూన్‌ని మోచేత్తో కొట్టబోయి భుజం జారగొట్టుకుంది. ఇది కెరీర్‌కి సంబంధం లేదు, రాయకుండా ఉండలేక రాశా.

లెక్కల_మాస్టారు

ఆ సంవత్సరం భుజాలకి బాగాలేదు. అదే 2008 టోర్నీలో టెనసీ ప్లేయర్ క్యాండేస్ పార్కర్ కూడా భుజం జారినా ఆడి కప్పు గెలిపించింది.

ఓరుగల్లు_పోరడు

నాయుడన్నా, గింత గొప్ప కోచ్‌ని మొగోళ్ల టీముకి పిలువలేదా?

నాక్స్‌విల్_నాయుడు

పిలిచారు. టెనసీ మగవాళ్ల టీము ఖాళీ అయినప్పుడు 1994లో ఒకసారి, 2001లో ఒకసారి. రెండుసార్లూ వద్దంది. అది పైమెట్టు అని మీరెందుకు అనుకుంటున్నారు అన్నదే ఆమె ప్రశ్న. దానికి తగ్గట్టే జీతం కూడా అడిగి తీసుకుంది. 2006లో ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన మొదటి అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అయింది. నెలకి 250 నుంచి అక్కడికి.

ఇప్పుడు సౌత్ కరొలైనా యూనివర్సిటీ కోచ్ డాన్ స్టేలీ ఏడాదికి 40 లక్షల డాలర్ల ఒప్పందం మీద ఉంది. స్టేలీ కూడా వేతనాల గురించి నోరు విప్పి అడిగిన మనిషే. సమ్మిట్ ముందు తలుపు తట్టింది కాబట్టి ఆ సంభాషణ మొదలైంది అని నేను నమ్ముతాను.

డ్రిబుల్_దుర్గ

జబ్బు సంగతి చెప్పండి. చివరి సీజన్ ఎలా నడిపింది?

నాక్స్‌విల్_నాయుడు

2011 మేలో మేయో క్లినిక్‌లో చూపించుకుంది. చిన్న వయసులో వచ్చే అల్జైమర్స్. ఆగస్టులో తనే బయటపెట్టింది, 59 ఏళ్లు. ఎన్నో ఏళ్లుగా మనసులోంచే ఆటలు గీసే మనిషికి అంతకుముందు సీజన్లోనే ఆటల పేర్లు తడబడటం మొదలైంది.

ఆ 2011–12 సీజన్ బెంచీ మీద ఉంది కానీ టైమ్ఔట్లలో ఎక్కువ మాట్లాడింది హాలీ వార్లిక్. వార్లిక్ ఒకప్పుడు ఆమె ప్లేయరే, తర్వాత దశాబ్దాలు అసిస్టెంటు. మిక్కీ డెమాస్, డీన్ లాక్‌వుడ్ మిగతా పని పంచుకున్నారు. 27 గెలుపులు, 9 ఓటములు. చివరి మ్యాచ్ బేలర్ మీద ఓటమి, బేలర్ ఆ ఏడాది 40–0. ఏప్రిల్‌లో బాధ్యత వార్లిక్‌కి అప్పగించింది. అదే ఏడాది ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. 2016 జూన్ 28న పోయింది, 64 ఏళ్లు.

దాచుకుని ముందే రిటైరై ఉండొచ్చు. చెప్పి ఆడించింది. ఆ సీజన్ అంతా ప్రతి ఊళ్లో ప్రత్యర్థి జనం లేచి నిలబడేవారు.

బే_ఏరియా_బావ

దీని మీద పందెం లేదు నాయుడు గారూ. 🙏

లెక్కల_మాస్టారు

శిష్యుల జాబితా కూడా ఉండాలి. కారా లాసన్ డ్యూక్‌లో కోచ్. 1996–98 మూడు కప్పుల పాయింట్ గార్డ్ కెల్లీ హార్పర్ తర్వాత టెనసీకే 2019 నుంచి 2024 దాకా కోచ్. నికీ ఫార్గస్ యూసీఎల్ఏ, ఎల్ఎస్‌యూలో కోచింగ్ చేసి లాస్ వేగస్ ఏసెస్ అనే ప్రొఫెషనల్ టీముకి అధ్యక్షురాలైంది. అయినా సమ్మిట్ తర్వాత టెనసీ ఒక్కసారి కూడా ఫైనల్ ఫోర్‌కి (జాతీయ టోర్నీలో చివరి నాలుగు టీములు) వెళ్లలేదు, వార్లిక్, హార్పర్ ఇద్దరి కాలంలోనూ. ఆమె ఉన్నప్పుడు 18 ఎన్‌సీఏఏ ఫైనల్ ఫోర్లు.

పీఈటీ_మేడం

మన దగ్గర ఇలాంటి కెరీర్ ఎందుకు లేదో మీరెవరైనా రాయండి. బ్యాడ్మింటన్‌లో గోపీచంద్ ఉన్నారు, కానీ అది అకాడమీ, కాలేజీ కాదు.

డ్రిబుల్_దుర్గ

మేడం, నాకు తెలిసినంత రాస్తా. అమెరికాలో కాలేజీ టీమే చివరి మెట్టుకి ముందు మెట్టు. అక్కడ టికెట్లు, టీవీ, స్కాలర్‌షిప్పు, అందుకే కోచ్‌కి ఉద్యోగం. మన దగ్గర అమ్మాయి బాగా ఆడితే గమ్యం రైల్వే ఉద్యోగం. జాతీయ పోటీల్లో రైల్వేస్ టీము ఎప్పుడూ బలంగా ఉండేది అందుకే. కాలేజీ మధ్యలో ఒక ప్లాట్‌ఫాం అంతే. కోచ్ కావాలంటే పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా చేయాలి, చేసినా చాలామందికి దొరికేది కాంట్రాక్టు పోస్టు. కాంట్రాక్టు ఏడాదికి ఏడాది రెన్యువల్ అవుతుంటే 13 సీజన్లు ఆగి కప్పు గెలిచే కోచ్ ఎక్కడ పుడుతుంది? ఓరుగల్లు తమ్ముడు మొదట అడిగిన ప్రశ్నే ఇది.

ఓరుగల్లు_పోరడు

నేను గింత లోతుగ అడిగిన్నా? 😂

డాలస్_అమ్మ

నా అసలు ప్రశ్న ఇప్పుడు అడుగుతా. మా పాప ఎనిమిదో క్లాసు, గార్డు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. మావారు "ఎత్తు లేదు, స్కాలర్‌షిప్పు రాదు, మ్యాథ్ కోచింగ్‌లో వేద్దాం" అంటున్నారు. ఏమంటారు?

లెక్కల_మాస్టారు

అమ్మా, డివిజన్ 1లో (కాలేజీ ఆటల పై తరగతి) 350కి పైగా కాలేజీలు, ఒక్కో టీములో 15 మంది. దేశం మొత్తం పిల్లలు ఆ సీట్లకే. డివిజన్ 3లో ఆట పేరుతో స్కాలర్‌షిప్పే ఇవ్వరు, కానీ మంచి చదువున్న కాలేజీలు చాలా అందులోనే ఉన్నాయి, అడ్మిషన్‌కి ఆట పనికొస్తుంది. డబ్బు కోసమే అయితే మీవారి మాట సగం సరైనదే. మ్యాథ్ కూడా చెప్పించండి, నా వృత్తి ధర్మం.

నాక్స్‌విల్_నాయుడు

ఎత్తు సంగతికి: డాన్ స్టేలీ అయిదడుగుల ఆరంగుళాలు. ఒలింపిక్ బంగారాలు ప్లేయర్‌గా మూడు, కోచ్‌గా ఒకటి.

డ్రిబుల్_దుర్గ

అక్కా, ఎడమచేత్తో డ్రిబుల్ చేయించండి, రోజూ. ఎదుటి పిల్ల నడుము చూస్తూ డిఫెన్స్ ఆడటం నేర్పించండి, బంతి వైపు చూడకూడదు. పొట్టి గార్డుని ఏ కోచ్ అయినా మొదట చూసేది ఆ రెండే. సమ్మర్ క్యాంపు వెతికేటప్పుడు కోచ్ ఎవరో కనుక్కోండి, కాలేజీ పేరు చూసి డబ్బు కట్టకండి. పాప వీడియో ఉంటే నాకు మెసేజ్‌లో పంపండి, చూసి చెప్తా.

డాలస్_అమ్మ

ఈ రాత్రికే పంపిస్తా దుర్గా. మావారికి నాయుడు గారి పోస్టు చదివి వినిపించా, కూతురి ఆట కోసం ఇల్లు మార్చిన తండ్రి దగ్గర ఆగి "ఇప్పుడు డాలస్‌లో వడ్డీ రేట్లు తెలుసా" అన్నారు.